మోకు లేకుండా వంద

సద్దిగిన్నె మూట కట్టుకున్నాక, పనికి పోయే ముందు చిలుకమ్మ చేసే ఆఖరి పని మొగుణ్ణి మంచానికి కట్టేయడం. తన పాత చీరను నాలుగు మడతలు వేసి, యాకయ్య ఛాతీ మీదుగా ఒక చుట్టు, తొడల మీదుగా ఒక చుట్టు తిప్పి, ముడి మాత్రం మంచం కిందకి వేస్తుంది. పైకి వేస్తే బాగున్న కుడిచేత్తో విప్పుకుంటాడు. మొదటి వారంలోనే ఆ పని చేశాడు మహానుభావుడు. విప్పుకుని లేచి, ఒక్క అడుగు సరిగా పడకముందే వెల్లకిలా పోయి రోలు మీద పడ్డాడు. తల వెనక ఏడు కుట్లు. అప్పటి నుంచీ ముడి కిందకే.

"ఊపిరాడుతాందా?" అంటుంది ముడి బిగించి.

"ఆడకపోతె ఏంజేస్తవ్? విప్పుతవా?"

"నోరు మాత్రం బాగనే నడుస్తాంది. గట్లనే కాళ్లు గూడ నడిస్తె నాకీ తిప్పలెందుకు?" అని చెంబుతో నీళ్లు కుడిచేతికి అందేటట్టు పెట్టి, తలుపు బార్లా తీసిపెట్టి, నాట్లకు పోయే ఆడవాళ్ల వెంట వర్ధన్నపేట దిక్కు వెళ్లిపోతుంది.

ఇక పొద్దుగూకే దాకా యాకయ్యకు ఉన్నదల్లా ఆ తలుపు సందే. తలుపు అవతల తాటికమ్మల పందిరి, పందిరికి నడుమ తాటిమొద్దు గుంజ, దానవతల మెట్టచెలక, చెలక దాటితే తాటివనం. ఇరవై రెండేళ్లు రోజుకు రెండు పూటలా ఆ వనంలో పదిహేను చెట్లు ఎక్కి దిగిన మనిషి, ఇప్పుడు మంచం మీద పక్కకు తిరగాలన్నా పెళ్లాం రావాలి. మధ్యాహ్నం పక్కింటి పూలమ్మ వచ్చి గంజి తాగించి పోతుంది. మంచిదే, పుణ్యాత్మురాలు. కానీ ఒంటికి వస్తే పూలమ్మకు ఎట్లా చెప్తాడు? నలభై ఐదేళ్ల మగవాడు. పళ్లు బిగబట్టి ఆపుకుంటాడు. ఆగినన్ని రోజులు ఆగుతుంది, ఆగని రోజు పంచె తడిసిపోతుంది. ఆ తడిలోనే సాయంత్రం దాకా పడుకుని, పైకప్పు వాసాలు చూస్తూ, చచ్చినా బాగుండు అనుకుంటాడు.

అతని కోరిక ఏమన్నా పెద్దదా? లేచి, ఎవరూ పట్టుకోకుండా నిలబడి, గోడ పట్టుకుని ఇంటి వెనక్కి పోయి రావాలి. అంతే. నిలబడితే చాలు, చీర కట్టు పోతుంది. నిలబడకపోతే ఈ ముడి కిందనే బతుకు తెల్లారిపోతుంది. ఆ సంగతి అతనికీ తెలుసు, ఆమెకూ తెలుసు.

*

లకువ, అదే పక్షవాతం, కొట్టింది ఎనభై మూడు చలికాలంలో. అదృష్టమో దురదృష్టమో గానీ చెట్టు మీద కాదు, చెట్టు కింద. పొద్దుటి కల్లు దించి, కాళ్ల బంధం విప్పుకుంటూ ఉంటే ఎడమచెయ్యి ఎవరిదో అన్నట్టు కిందకు జారిపోయింది. తర్వాత కాలు. తర్వాత నేల వచ్చి చెంపకు తగిలింది. కల్లుకుండలు, అవే లొట్లు, ఎత్తుకోవడానికి వచ్చిన చిలుకమ్మ కుయ్యోమొర్రో అంటూ అక్కడే మోకాళ్ల మీద కూలబడి కాటమయ్యకు మొక్కుకుంది. గీత పని వాళ్ల దేవుడు కదా, పది నిమిషాల ముందు పడగొట్టకుండా కిందకు దించి పడగొట్టాడు. "మనిషిని దక్కిచ్చినవ్ తండ్రీ, ఇగ ఈయన మోకు నీకే. ఈయన దాన్ని ముట్టడు" అంది. మోకు అంటే ఆషామాషీ తాడు కాదు. చెట్టుకూ నడుముకూ కలిపి చుట్టుకుని, దాని మీద ఒరిగి చెట్టెక్కే తాడు. కల్లు గీసే గౌండ్లాయనకు అదే రెండో వెన్నుపూస. యాకయ్య మోకును పసుపుగుడ్డలో చుట్టి అటక మీద పెట్టేసింది. వచ్చే కాటమయ్య పండుగకు గుడి దగ్గర అప్పజెప్పాలని.

తర్వాత అందరూ చేసేవే చేశారు. గాలి తగలొద్దని నలభై రోజులు చీకటి అర్రలో పడుకోబెట్టారు. మూడు పావురాలను కోసి వెచ్చటి నెత్తురు కాలికీ చేతికీ పూసి రుద్దారు. కాలు కొంచెం కదిలిన మాట నిజమే. అది పావురం చలవో, దానంతట అదే కదిలిందో దేవుడికెరుక. కాలు కదిలినా మనిషి నిలబడలేకపోయాడు. కూర్చోబెడితే కూర్చుంటాడు, నిలబెట్టి చెయ్యి వదిలితే పడిపోతాడు.

ఎండాకాలంలో హనుమకొండ రోడ్డు మీది ఒక ట్రస్టు దవాఖానకు తీసుకుపోయారు. అక్కడ కసరత్తు చేయించే సారంగపాణి అని ఒక సారు ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ జేబులో స్క్రూడ్రైవరుతో తిరిగే మనిషి. డాక్టరా, మెకానిక్కా అని చిలుకమ్మకు మొదటిరోజే అనుమానం వచ్చింది. ఆయన యాకయ్యను చక్రాల మంచం మీద ఒక గదిలోకి తోసుకుపోయి ఒక మిషను చూపించాడు.

నాలుగు ఇనుప స్తంభాల చట్రం. పైన కప్పీ, కప్పీ మీదుగా దిగే తోలుపట్టా. ఆ పట్టాలో మనిషిని నడుము దగ్గరా చంకల కిందా బిగిస్తారు. పాదాల కింద చెక్కపలక, పలక కింద లారీ వైపర్ మోటారు. మనిషి బరువు ఏ పక్కకు ఎక్కువైతే పలక ఆ పక్క నుంచి లేచి తిరిగి నెడుతుంది. ఎదురుగా గోడకు గడియారం లాంటి డయలు ఉంది. ముల్లు నడుమ ఉంటే మనిషి నిలకడగా ఉన్నట్టు. సారు బొమ్మ గీసిస్తే వరంగల్ చౌరస్తా దగ్గర లేతు మిషను పెట్టుకున్న అబ్బాస్ దాన్ని తయారుచేశాడు. కొత్తగా కుస్తీకి వచ్చినవాణ్ణి ఉస్తాదు అటూ ఇటూ నెట్టి నిలకడ నేర్పినట్టే నేర్పుతుంది కాబట్టి దానికి మర పహిల్వాను అని పేరు కూడా అతనే పెట్టాడు.

అంతటితో అయిందా? సారు ఒక చిన్న డబ్బా తీశాడు. అందులోంచి రెండు తీగలు, తీగల చివర తడిగుడ్డ చుట్టిన రెండు బిళ్లలు. చెవుల వెనక పెట్టాలట.

"తలకు కరెంటా!" చిలుకమ్మ మంచానికి అడ్డం వచ్చి నిలబడింది. "అది పిచ్చోళ్లకు పెడ్తరు గద సారూ! మాయన మొండోడు గని పిచ్చోడు కాదు."

"గోడ కరెంటు కాదమ్మా, టార్చిలైటు బ్యాటరీ. ముందు నేను పెట్టుకొని చూపిస్త" అని సారు తన చెవుల వెనకే పెట్టుకుని స్విచ్చి వేసుకున్నాడు. మనిషి ఒక పక్కకు ఒరిగి గోడ పట్టుకున్నాడు. పక్కనున్న అబ్బాస్ పకపకా నవ్వాడు.

"చూసినవా? నేల ఒరిగినట్టయితది, అంతే" అన్నాడు సారు బిళ్లలు తీసేస్తూ. "యాకయ్యా, నీ మెదట్ల ఒక జాగ ఎండిపోయింది. నిలకడ పని పక్క జాగకు నేర్పాలె. ఈ కరెంటు దాన్ని నిద్ర లేపుతది, పహిల్వాను దానికి పని చెప్తడు. నేర్చుకుంటదని నా ఆశ. గ్యారంటీ మాత్రం ఇయ్యను."

మిగతా రోగులు ఆ స్విచ్చి వేస్తే కేకలు పెట్టేవారు. ఒకాయన వాంతి చేసుకుని, మళ్లీ ఆ గది మొహం చూడలేదు. యాకయ్యకు పట్టా బిగించి, పలక మీద నిలబెట్టి, స్విచ్చి వేశారు. నేల మెల్లగా ఎడమకు ఒరిగింది. మళ్లీ కుడికి. యాకయ్య కళ్లు మూసుకున్నాడు. మూతి ఒక పక్కకు సాగింది. అందరూ నొప్పి అనుకున్నారు. కాదు, నవ్వుతున్నాడు. లకువ కొట్టాక మొదటిసారి నవ్వుతున్నాడు.

"ఏమైంది యాకయ్యా?"

"ఏం గాలే సారూ. గాలి లేసింది. చెట్టు ఊగుతాంది."

తాటిచెట్టు పైన మొవ్వ దగ్గర గాలికి ఎట్లా ఊగుతుందో ఎక్కినవాడికే తెలుస్తుంది. ఆ ఊగులాటను ఇరవై రెండేళ్లు కాళ్లతో తాగిన మనిషికి ఈ పలక ఒక లెక్కా? డయలు ముల్లు నడుమ నుంచి కదల్లేదు. కదిలినా వెంటనే వచ్చి కూర్చునేది. నాలుగో వారానికల్లా ఎడమ మోకాలు వణకడం మానేసింది. సారంగపాణి సంబరం అంతా ఇంతా కాదు. పెద్ద డాక్టరును పిలుచుకొచ్చి చూపించాడు. పక్క వార్డుల నుంచి జనం వచ్చి చూసిపోయేవారు. యాకయ్యకు మీసం మెలేయాలని ఉండేది గానీ కుడిచెయ్యి పట్టాను పట్టుకుని ఉండేది.

"శనివారం పట్టా తీసేస్త" అన్నాడు సారు. "వంద లెక్కపెట్టేదాక నిలబడితె నువ్వు గెలిచినట్టే. ఇంట్ల ఇంకెవ్వలు నిన్ను పట్టుకునే పనుండదు."

వంద. యాకయ్యకు ఆ రోజు నుంచి అదే జపం. రాత్రీ పగలూ లోలోపల వంద లెక్కపెట్టుకున్నాడు. పట్టాలో ఐదు వందలైనా నిలబడేవాడు. వంద ఎంత?

శనివారం వచ్చింది. వెనక పరుపు వేశారు. పట్టా విప్పారు. సారు రెండు చేతులూ అతని భుజాల దగ్గర ఆనీ ఆనకుండా పెట్టి, మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"ఒకటి... రెండు... మూడు..."

యాకయ్య వెల్లకిలా, కర్ర పడ్డట్టు పరుపు మీద పడ్డాడు.

మళ్లీ లేపారు. మళ్లీ పడ్డాడు. పక్కకు కాదు, ముందుకు కాదు, ప్రతిసారీ వెనక్కే. పట్టా బిగిస్తే రాజు, పట్టా విప్పితే మూట. బిళ్లలు పెట్టి చూశారు, తీసి చూశారు. అబ్బాస్ పలక ఎత్తి మోటారు విప్పి, బోల్టులన్నీ బిగించి చూసి, "మిషన్ల ఖరాబేం లేదు సారూ, ఖుదా కసమ్" అన్నాడు. సారంగపాణి నెత్తి గోక్కున్నాడు. కాలిలో బలం ఉంది, ముల్లు కదలట్లేదు, మరి ఎందుకు పడుతున్నాడు?

ఆ రోజు పడ్డచోటు నుంచి తల తిప్పినప్పుడు యాకయ్యకు గుమ్మంలో చిలుకమ్మ కనబడింది. కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. ఆమె చూపు అతని మొహం మీద లేదు. అతని మడమల మీద ఉంది. మడమల నుంచి మెల్లగా లేచి, పైన వేలాడుతున్న పట్టా మీదకు పోయింది. తర్వాత ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది. ఏడుస్తోందనుకున్నాడు.

ఇంకో రెండు వారాలు అదే గోస. తర్వాత మంచం వేరేవాళ్లకు కావలసి వచ్చింది. వెళ్లేరోజు సారంగపాణి రోడ్డు దాకా వచ్చి, వర్ధన్నపేట బస్సులోకి తనే ఎత్తి కూర్చోబెట్టాడు. "ఎక్కడ తప్పుతాందో నాకు తెలుస్తలేదు యాకయ్యా. చెప్పుకోవాలంటె సిగ్గయితాంది" అన్నాడు. అంత చదువుకున్న మనిషి తెలియదని ఒప్పుకోవడం యాకయ్యకు నచ్చింది గానీ, దానివల్ల చీర ముడి వదులు కాలేదు.

*

అదిగో, అట్లా ఇల్లు చేరి, వానాకాలం నాట్ల రోజుల్లో మళ్లీ మంచానికి కట్టుబడి, తలుపు సందులోంచి వనం చూస్తూ పడుకున్నాడు. ఒకనాటి పొద్దున మొండయ్య, యాకయ్య చెట్లను ఇప్పుడు గీస్తున్నవాడు, చెలక గట్టు మీది చెట్టెక్కుతూ కనబడ్డాడు. చూడొద్దనుకుంటాడు. కడుపు మండుతుంది. అయినా కళ్లు పోతాయి.

మొండయ్య మోకు మీద వెనక్కి ఒరిగాడు. నడుము వెనక్కి, పాదాలు ముందుకు, బరువంతా మోకు మీద. ఎక్కేవాడు ఎవడైనా అట్లాగే ఒరుగుతాడు. ఒరగకపోతే జారి చస్తాడు.

యాకయ్య మంచం మీద నుంచి తల లేపాడు.

పట్టాలో తాను చేసిందీ అదే! నిలబడటం కాదు, ఒరగడం. పట్టా నడుముకు తగలగానే ఒళ్లు దాన్ని మోకు అనుకుంది. నేల ఊగగానే చెట్టు అనుకుంది. ఇరవై రెండేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? బరువంతా పట్టాకు ఇచ్చేసి, మడమల మీద దర్జాగా ఒరిగితే ముల్లు ఎందుకు కదులుతుంది? సారేమో నిలకడ అనుకున్నాడు. పట్టా తీసేశాక కూడా ఒళ్లు వెనక ఉన్న మోకు కోసమే ఒరిగింది. అక్కడ మోకు లేదు.

సారుకు ఇది ఎట్లా తెలుస్తుంది పాపం, ఆయనేమన్నా తాటిచెట్టెక్కాడా? అబ్బాస్‌కు ఎట్లా తెలుస్తుంది? తెలియాల్సింది చెట్టు కింద నిలబడి ఏళ్లకేళ్లు మొగుణ్ణి తలెత్తి చూసిన మనిషికి. మడమల మీద నిలిచిన ఆ చూపు, పట్టా మీదకు పోయిన ఆ చూపు గుర్తొచ్చింది. యాకయ్య కళ్లు మూసుకున్నాడు. పూలమ్మ తెచ్చిన గంజి ముట్టలేదు.

సాయంత్రం చిలుకమ్మ వచ్చి ముడి విప్పి, తడిసిన పంచె మార్చి, వీపు తుడుస్తుండగా అడిగాడు.

"దవాఖానల నేను పడ్డనాడు నీకు తెలిసింది గదా? ఎందుకు పడుతాన్ననో."

తుడుస్తున్న చెయ్యి ఆగింది. అబద్ధం ఆడుతుందనుకున్నాడు. ఆడలేదు.

"తెలిసింది."

"సారుకు ఎందుకు చెప్పలే?"

"చెప్తె ఏమయితది? ఆయన ఇంకో తీరు నేర్పుతడు. నువ్వు నిలవడ్తవ్. నిలవడ్డోనివి నడుస్తవ్. నడిచినోనివి ఎటు పోతవ్? నాకు ఎర్కలేదా!" గుడ్డను నీళ్లలో విసిరి కొట్టింది. "మా నాయిన ములుగుకాడ చెట్టు మీద నుంచి పడ్డనాడు లొట్టి పట్టుకొని కింద నిలవడ్డది నేనే. పదేండ్లు నాకు. మోకు తెగలే, ఏం గాలే. ఎట్ల పడ్డడో ఇప్పటికీ ఎవ్వలకు తెల్వదు. నిన్ను చేసుకున్న కాన్నుంచి ఒక్క పూటన్న పానం నిమ్మలంగ లేదు నాకు. ఇప్పుడు పొద్దంత నాటేస్తాన్నా, నువ్వు ఏడున్నవో నాకు తెలుసు. మంచంల ఉన్నవ్. పానంతోటి ఉన్నవ్."

"ఇది పానమా చిలుకా? ఒంటికొస్తె పండుకున్న కాన్నే... ఇది బతుకుడా?"

ఆమె నీళ్లలోంచి గుడ్డ తీసింది. దాన్ని పిండుతూ, "చెట్టెక్కనని ఒట్టెయ్. రేపే సారు దగ్గరికి తీస్కపోత" అంది.

ఒట్టేస్తే అయిపోయేది. నోటి మాటే కదా, ఆ కాలుతో ఎట్లాగూ చెట్టెక్కలేడు. కానీ నోరు రాలేదు. తలుపులోంచి వనం వైపు చూశాడు. చిలుకమ్మ చూసింది అతను చూడటం. పంచె పిండి దండెం మీద ఆరేసి, పొయ్యి దగ్గరికి పోయింది.

మూడు రోజులు ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఆమె కడుతుంది, అతను కట్టించుకుంటాడు. ఊపిరాడుతోందా అని కూడా అడగలేదు. నాలుగోనాడు పొద్దున చీర తీయకుండా అటకకు నిచ్చెన వేసింది. పసుపుగుడ్డ మూట దించింది. "ఇది బతుకుడు గాదంటివి గదా, కాటమయ్యకు ఇచ్చేదాక దీని ఆసరతోటి నిలవడు" అంది.

అతన్ని భుజం మీద వేసుకుని పందిరి కిందకు ఈడ్చుకుపోయింది. తాటిమొద్దు గుంజకు ఎదురుగా నిలబెట్టి, గుంజకూ అతని నడుముకూ కలిపి మోకు చుట్టింది. కింద రెండు పక్కలా గడ్డిమోపులు పరిచింది. ముడి అతని కుడిచేతి దగ్గర వేసింది.

"సాలైనప్పుడు ఇప్పుకో. జారి గడ్డిల కూసుంటవ్. పూలమ్మ వచ్చి చూస్తది. పడితె పడు, నా కండ్ల ముందు మాత్రం పడకు" అని, సద్దిగిన్నె కూడా మరిచిపోయి పనికి పోయింది.

మోకు నడుముకు తగలగానే యాకయ్యకు ఏడుపు వచ్చింది. ఏడ్చాడు కూడా. చూసేవాళ్లెవరున్నారు?

ఏడవడం అయ్యాక పని మొదలుపెట్టాడు. చెట్టెక్కడంలో ఒరగడం ఒక్కటే ఉండదు. మోకును పైకి ఎగరేసుకునే లిప్త ఒకటి ఉంటుంది. అప్పుడు ఛాతీ చెట్టు వైపు లాగుకుంటారు, మోకు వదులవుతుంది. ఆ ఒక్క లిప్త మనిషిని మోకు మోయదు, కాళ్లే మోస్తాయి. యాకయ్య ఆ లిప్తను పట్టుకున్నాడు. కుడిచేత్తో గుంజను పట్టి దగ్గరికి లాగుకుని, చెయ్యి వదలడం. మోకు వదులు. ఒకటి. మళ్లీ ఒళ్లు వెనక్కి పోయి మోకు మీద పడేది. మళ్లీ లాగుకోవడం. ఒకటి, రెండు. పహిల్వాను నేర్పిన బలం ఎడమకాలిలో ఉండనే ఉంది, ఆ మాట కాదనడానికి లేదు. కానీ బరువు మడమల నుంచి మునివేళ్ల మీదకు తేవడం గుంజే నేర్పింది. వారానికి ఐదు లెక్కపెట్టాడు. పదిహేను రోజులకు ఇరవై. మధ్యలో ఎన్నిసార్లు మోకు మీద పడ్డాడో, నడుము ఎంత ఒరిసిపోయిందో చెప్పుకుంటే సిగ్గు. చిలుకమ్మ రోజూ సాయంత్రం ఆ ఒరుపులకు నూనె రాసేది. ఎంతదాకా వచ్చిందని అడిగేది కాదు. అతను చెప్పేవాడు కాదు.

నెల దాటాక ఒకనాడు, సాయంత్రం వర్ధన్నపేట బస్సు హారను వినబడ్డాక, యాకయ్య కుడిచేత్తో ముడి విప్పాడు. జారి కూర్చోవడానికి కాదు. మోకు నడుము మీద నుంచి జారి పాదాల చుట్టూ పడింది.

"ఒకటి" అన్నాడు.

గుంజ మూరెడు దూరంలో ఉంది. పట్టుకోలేదు. నలభై దగ్గర ఎడమ పిక్క కొట్టుకోవడం మొదలైంది. డెబ్బై దగ్గర కళ్లలోకి చెమట దిగింది. తుడుచుకోలేదు. వంద అన్నాడు. అరిచి చెప్పాలనిపించింది. వినడానికి ఒక కోడి తప్ప ఎవరూ లేరు. అప్పుడు తెలిసింది అసలు చిక్కు. నిలబడటం వచ్చింది గానీ, గడ్డిలోకి జారిపడటమే తప్ప కూర్చోవడం రాదు. నడవడం రాదు. వంగితే పడతాడు, అడుగు తీస్తే పడతాడు. పందిరి నడుమ నిలబడి కూడా ఇరుక్కుపోయాడు. నవ్వొచ్చింది. నవ్వితే కూడా పడేటట్టున్నాడని మూతి బిగించి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.

రెండో వంద నడుస్తుండగా చిలుకమ్మ వచ్చింది. పందిరి అంచున ఆగిపోయింది. మోకాళ్ల దాకా బురద, నెత్తిన మూట. మొదట మొగుడి మొహం చూసింది. తర్వాత మడమలు చూసింది. తర్వాత నేల మీద చుట్టగా పడి ఉన్న మోకును చూసింది.

"చూసినవా!" అన్నాడు యాకయ్య. "ఏం పట్టుకోలే. చూసినవా చిలుకా?"

"చూసిన" అంది. కళ్లనిండా నీళ్లు, మొహమంతా నవ్వు. మూట కింద పెట్టింది. వచ్చి పట్టుకుంటుందనుకున్నాడు. ఆమె వంగి, అతని పాదాల చుట్టూ ఉన్న మోకును జాగ్రత్తగా, మడమలకు తగలకుండా తీసుకుంది. పందిరి కమ్మల్లో దోపి ఉన్న గీతకత్తిని లాగింది. గడప రాయి మీద మోకును పరిచి, ముందు కూర్చుంది.

అప్పటికి గానీ అర్థం కాలేదు అతనికి.

"ఏయ్! చిలుకా! ఏంజేస్తానవ్?"

"కదలకు. పడ్తవ్."

కత్తి ఆడించింది. నెలల తరబడి నూరని కత్తి, గట్టి మోకు. ఒక్క వేటుకు తెగేది కాదు. రంపం లాగినట్టు లాగుతోంది.

"ఒద్దే! నీ కాళ్లు మొక్కుత, ఒద్దు! నేను ఎక్కను! ఎక్కనే!"

"ఒట్టేయమన్ననాడు ఎయ్యలే నువ్వు" అంది తలెత్తకుండా. ఏడుస్తూనే కోస్తోంది. "ఇప్పుడు ఎందుకు నీకు మోకు? నిలవడ్డవ్ గదా. కాటమయ్యకు ఇస్తనన్న. ముక్కలు జేసన్న ఇస్త."

ఉరికి ఆ కత్తి గుంజుకోవాలి. రెండు అడుగులు, అంతే. ఆ రెండు అడుగులే లేవు అతనికి. కోపం భుజాల్ని వెనక్కి గుంజింది. ఒళ్లు పాత అలవాటున నడుము వెనక మోకు కోసం వెతికింది. అది గడప మీద ఉంది. మునివేళ్లు నేల విడవబోయాయి. పళ్లు కొరికి, బరువును మునివేళ్ల మీదకు తెచ్చుకున్నాడు. నిలిచాడు.

"లెక్కవెట్టు" అంది చిలుకమ్మ. "సారు వంద అన్నడు గదా. నేను ఇనలే. నాకు ఇనిపియ్యి."

"నీ నోట్ల మన్ను వడ" అన్నాడు. ఇంకేం చేస్తాడు? ఏడుస్తూనే, "ఒకటి" అన్నాడు. "రెండు. మూడు..."

నాలుగు దగ్గర పడలేదు. ఇరవై దగ్గర ఒక పురి తెగిన చప్పుడు వినబడింది. అయినా ఆగలేదు. చిలుకమ్మ కూడా ఆగలేదు. అరవై మూడు దగ్గర మోకు రెండు ముక్కలై గడపకు ఇటొకటి అటొకటి పడింది. ఆమె కత్తి కింద పెట్టి, బురద చేతులు ఒళ్లో పెట్టుకుని, తలెత్తి అతని వైపు చూసింది. ఏళ్లకేళ్లు చెట్టు కింద నిలబడి చూసినట్టే.

యాకయ్య చూపు ముక్కల మీదే ఉంది. నోరు మాత్రం లెక్కపెడుతూనే ఉంది. డెబ్బై. ఎనభై. తొంభై ఐదు దగ్గర చిలుకమ్మ లేచి దగ్గరికి వచ్చి, పట్టుకోకుండా, ఎడమ పక్కన నిలబడింది.

"వంద" అన్నాడు యాకయ్య. పడలేదు.